ఎర్ర గొంగళి పురుగు: దాని బ్రతుకు, దాని నడవడి

తొలకరిలో గట్టి వాన పడిన మరునాడు, ప్రొద్దు క్రుంకిన తరువాత మీ ఊరి వీధి దీపము క్రింద కొంతసేపు నిలిచి చూడుడు. ఉసిళ్ళు ఉండును, పేడ పురుగులు ఉండును. వానితో పాటు, రెక్కలు చాచినచో సుమారు రెండు అంగుళముల వెడల్పు గల తెల్లని రెక్కల పురుగు కనిపించినచో దానిని పట్టి వెలుగులో త్రిప్పి చూడుడు. తల మీద పసుపుపచ్చని పట్టీ, ముందు రెక్కల పై అంచున పసుపు గీత, ఆ రెక్కల నిండ గోధుమ రంగు చారలు, వెనుక రెక్కల మీద నల్లని మచ్చలు ఉన్నచో అది ఎర్ర గొంగళి పురుగు యొక్క తల్లి. ఇంక పదునైదు ఇరువది రోజులలో మీ వేరుసెనగ చేనికి రానున్న ఆపద ఆ దీపము చుట్టూ తిరుగుచున్నదన్న మాట.

మన రైతులలో గొంగళి పురుగును ఎరుగనివారు లేరు. తల్లి పురుగును ఎరిగినవారు మాత్రము తక్కువ. దీపాల పురుగు అని చీపురుతో ఊడ్చి పారవేయుదురు. తరువాత చేను నిండ ఎర్రగా పురుగు ప్రాకునప్పుడు వ్యవసాయ కార్యాలయమునకు పరుగున వచ్చి మందు అడుగుదురు. అప్పటికి సమయము మించిపోయి యుండును. ఈ పురుగు విషయమున మందు కంటె ముందుగా రైతునకు కావలసినది దాని బ్రతుకు ఎట్టిదో తెలిసి యుండుట. సంవత్సరములో రమారమి పది నెలలు అది భూమిలో కదలక మెదలక పడి యుండును. పైన తిరుగునది రెండు నెలలకు లోపే. అందులోను గుంపుగా, ఒకేచోట, చేతితో తీసి చంపుటకు వీలుగా మనకు చిక్కునది సుమారు పది రోజులు. ఆ పది రోజులు ఎప్పుడు మొదలగునో పంచాంగము చెప్పదు, వాన చెప్పును.

దీని శాస్త్రీయ నామము ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా. అనంతపురము జిల్లా, దాని నుండి 2022లో విడివడిన శ్రీ సత్యసాయి జిల్లా, కర్నూలు, కడప, చిత్తూరు ప్రాంతముల ఎర్ర నేలలు, తెలంగాణలో పాలమూరు వైపు ఆముదము వేయు చెలకలు, ఇటు తమిళనాడు మెట్ట భూములు దీనికి పుట్టినిండ్లు. ఉత్తర హిందూస్థానమున దీనికి దాయాది యొకటి కలదు. దానికి పసుపు పట్టీకి బదులు ఎర్ర పట్టీ ఉండును. మన పురుగునకు వేరుసెనగ అన్న ప్రీతి. ఆముదము, అలసంద, ఉలవ, జొన్న, సజ్జ, రాగి, ప్రత్తి కూడ తినును. ఆకలిగొన్నప్పుడు గట్టు మీది కలుపు మొక్కను సైతము విడువదు.

అనంతపురము ప్రాంతమున సంవత్సరమునకు కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా ఉండును. ఆ వానలోనే విత్తనము మొలవవలెను, ఊడ దిగవలెను, కాయ ఊరవలెను. విత్తుటకు పదును దొరకు దినములు వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చును. మొలక నాలుగాకుల మీద ఉన్నప్పుడు పురుగు మేసిపోయినచో, మరల విత్తుటకు ఇంటిలో విత్తనపు కాయ ఉండదు, ఉన్నను నేలలో పదును ఉండదు. మాగాణి రైతునకు పురుగు వలన దిగుబడి తగ్గును. మెట్ట రైతునకు సంవత్సరమే పోవును.

ఇది నేను పుస్తకములో చదివి వ్రాయుచున్న మాట కాదు. ఉద్యోగములో చేరిన మొదటి సంవత్సరము నన్ను ఒక మెట్ట మండలమునకు వేసినారు. కళాశాలలో నేర్చిన పాఠము తాజాగా ఉన్నది. వేసవిలో లోతు దుక్కి చేసినచో భూమిలోని పురుగు కోశములు పైకి వచ్చి ఎండకు మాడును, కాకులు, గోరువంకలు ఏరుకొని తినును. ఈ పాఠమును ఊరూర చెప్పితిని. ఒక గ్రామములో నా మాట విని దాదాపు అందరును వేసవి దుక్కి చేసిరి. సంతోషముతో పై కార్యాలయమునకు నివేదిక పంపితిని. ఆ సంవత్సరము ఆరుద్ర కార్తెలో మంచి వాన పడి విత్తనములు పడినవి. పునర్వసు పోకమునుపే ఆ గ్రామమునుండి కబురు వచ్చినది. వెళ్ళి చూతును గదా, ఊరికి పడమట నాలుగెకరముల చేను ఒకటి పుల్లలు మిగిలి యున్నది. ఆ చేను గల రైతు అప్పు మీద విత్తనపు కాయ తెచ్చినవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆగస్టులో కురిసిన చినుకులకు ఆ నేలలో ఉలవలు చల్లుకొన్నాడు. నేను పంపిన నివేదిక ఇప్పటికిని తలచుకొన్నప్పుడు మనస్సునకు కష్టముగా ఉండును.

దుక్కి చేసినను పురుగు ఎక్కడి నుండి వచ్చినది? ఈ ప్రశ్నకు జవాబు ఆ ఊరి పెద్దాయన ఒకరు చెప్పినారు. డెబ్బది ఏండ్లు పైబడిన మనిషి. మరుసటి వేసవిలో నేను మరల దుక్కి సంగతి ఎత్తగా నవ్వి, "సారూ, మేము చేను దున్నితిమి గానీ గట్టు దున్నలేదు కదా" అన్నాడు. నేను అర్థము కాక చూచితిని. "ఎండకు ఓర్చలేక అది నీడకు పోతాది. మనమైనా అంతే కదా సారూ. చింతమాను కింద తవ్వి చూడు" అన్నాడు.

తవ్వి చూచితిమి. గట్టు మీద చింతచెట్టు, దాని ప్రక్కన కానుగ. చెట్టు మొదలు చుట్టును, నీడ పడు మేర అంతటను గడ్డపారతో పెళ్ళగించి మట్టిని చేతితో చిదిపితిమి. నాలుగు అంగుళముల లోతు మొదలు ఎనిమిది అంగుళముల లోతు వరకు చిన్న చిన్న మట్టి గూళ్ళు, ఒక్కొక్క గూటిలో ఖర్జూరపు గింజ అంత, ముదురు గోధుమ రంగు కోశము ఒకటి. వ్రేళ్ళ మధ్య పట్టుకొన్నప్పుడు తోక కొన కొంచెము కదలినది, అనగా ప్రాణముతో ఉన్నది. రెండు గంటలలో ముంత నిండినది. అదే చేని నడుమ, దున్నిన నేలలో ఎంత వెదకినను నాలుగైదు కంటె దొరకలేదు. ఏడాది పాటు ఊరంతయు దుక్కి చేసినను, ఎవరి చెట్టు క్రింద వారు పురుగును దాచి పెట్టుకొన్నట్లే అయినది.

పెద్దాయన చెప్పినది శాస్త్రమునకు సరిపోవు మాటయే. బాగుగా మేసి ఎదిగిన గొంగళి పురుగు తిండి మాని, తేమ గల మెత్తని నేల కొరకు తిరుగును. గట్ల వెంబడి, చెట్ల క్రింద, కంచెల మొదళ్ళలో అట్టి నేల దొరకును. అక్కడ భూమిలోకి దిగి, మట్టితో గూడు కట్టుకొని, కోశముగా మారి నిద్రించును. చలికాలము, ఎండకాలము అట్లే గడచును. మరుసటి తొలకరిలో గట్టి వాన పడి తడి లోతునకు దిగినప్పుడు గాని లేవదు. పైపైన దుమ్ము అణచు జల్లులు దానిని లేపవు. రైతు నాగలి కట్టుటకు ఏ వాన కొరకు చూచునో అదియు ఆ వాన కొరకే చూచుచుండును. మీరు విత్తుటయు, అది బయటికి వచ్చుటయు ఒక్కసారే జరుగుటకు కారణము ఇదే.

ఈ సంగతి కంటితో చూడగోరువారు ఇంటిలోనే చూడవచ్చును. నేను చూచితిని, ఖర్చేమియు లేదు. వెడల్పు మూతి గల రెండు మట్టి కుండలు తీసికొని, అడుగున చిన్న బెజ్జము వేసి, జానెడు మందమున చేని మట్టి నింపితిని. ఎదిగిన పురుగులను పుల్లతో ఎత్తి, కుండకు పది చొప్పున వేసి, వేరుసెనగ ఆకు మేపుగా వేయుచు, మూతికి పలుచని గుడ్డ కట్టితిని. కొలది రోజులలో అవి మేత మాని మట్టిలోకి దిగినవి. కుండలను వసారాలో ఒక మూల ఉంచి మరచితిని. రోహిణి కార్తె చివర ఒక కుండను పెరటిలో ఆరుబయట పెట్టి, రెండవదానిని వసారాలోనే ఉంచితిని. మృగశిరలో రాత్రి అంతయు వాన కురిసినది. ఆ మరునాటి సాయంత్రము దీపము పెట్టు వేళకు పెరటి కుండలో గుడ్డ క్రింద రెక్కల చప్పుడు వినిపించినది. వసారాలోని కుండ నిశ్శబ్దముగా ఉన్నది. రెండు కుండలతో శాస్త్రము తేలదు, నిజమే. కాని ఆ చప్పుడు విన్నవాడు తొలకరి వానను మునుపటి వలె చూడజాలడు. ఉపాధ్యాయులెవరైన ఈ వ్యాసము చదువుచున్నచో బడిలో ఇట్టి కుండ యొకటి పెట్టించవలెనని నా కోరిక.

తల్లి పురుగులు వాన పడిన నాటి నుండి రెండు మూడు రోజులలో, సాయంత్రము చీకటి పడు వేళ భూమి నుండి బయటికి వచ్చును. అవి పైరును కొరుకవు. వాని పని జత కట్టుట, గ్రుడ్లు పెట్టుట, అంతే. ఆ కొలది రాత్రులలోనే ముగించుకొని చచ్చిపోవును. అయితే ఆడ పురుగు ఒక్కొక్కటి ఆరు ఏడు వందల గ్రుడ్లు పెట్టును, వేయి వరకు పెట్టుటయు కలదు. గ్రుడ్లు పెట్టకమునుపు పది ఆడ పురుగులను చంపినవాడు ఆరు ఏడు వేల గొంగళి పురుగులను చంపినట్లే.

వెలుతురునకు వచ్చుట వీని బలహీనత. రాత్రి 7 గంటల నుండి 11 గంటల వరకు దీపపు ఎరలు పెట్టవలెను. వెడల్పైన పళ్ళెములో గాని, బానలో గాని నీరు పోసి, దానిపై కొంచెము కిరసనాయిలు వేసి, నీటికి జానెడు ఎత్తున దీపము వ్రేలాడదీయుడు. మోటారు షెడ్డు దగ్గర విద్యుత్తు ఉన్నచో బల్బు చాలును, లేనిచోట లాంతరు. ఎండుకంప, చెత్త పోగు చేసి మంటలు వేయుట పాత పద్ధతి, ఇప్పటికిని మంచిదే. అయితే మంటను చేని నడుమ వేయవద్దు. వెలుతురునకు వచ్చిన పురుగులన్నియు మంటలో పడవు. కొన్ని చుట్టుప్రక్కల వాలి అక్కడనే గ్రుడ్లు పెట్టును. మీ మంట మీ చేనికే పురుగును పిలిచినట్లగును. బీడులోను, బండ నేల మీదను, కళ్ళము వద్దను వేసి, చుట్టూ వాలిన వానిని కొట్టి చంపవలెను. పాత టైర్లు తగులబెట్టు అలవాటు కొన్ని ఊళ్ళలో చూచుచున్నాను. ఎండుకంప మంటకు వచ్చిన పురుగే దానికిని వచ్చును. అధికముగా దొరకునది నల్ల పొగ, పిల్లలకు దగ్గు.

ఒక్క రాత్రి పెట్టి మానుకొనుట వలన ఫలము తక్కువ. వాన పడిన నాటి నుండి వరుసగా నాలుగైదు రాత్రులు పెట్టవలెను. మరల గట్టి వాన పడినచో మరల పెట్టవలెను. ఏలయనగా భూమిలో ఉన్నవి అన్నియు ఒక్క వానకే లేవవు.

దీపమునకు చిక్కక మిగిలిన తల్లులు గ్రుడ్లు పెట్టును. ఆకుల అడుగు భాగమున, ఒక్కచోట వందల కొలది, ఆవగింజ కంటె చిన్నవి, లేత పసుపు వన్నె గలవి, అద్దినట్లు వరుసగా ఉండును. చేను ఇంకను మొలవకున్నచో గట్టు మీది కలుపు ఆకులకు, మట్టి గడ్డలకు, రాళ్ళకు సైతము పెట్టును. అందుచే మొలక రాలేదు గదా అని గట్టు వైపు చూడక ఊరకుండరాదు. మూడు నాలుగు రోజులలో గ్రుడ్లు చితుకును.

ఇక్కడి నుండి వారము రోజులు రైతునకు దేవుడిచ్చిన వ్యవధి. అప్పుడే పుట్టిన పిల్ల పురుగులు ఒక్కటొక్కటిగా తిరుగవు. పుట్టిన ఆకు మీదనే, అడుగు వైపున, వందల కొలది గుంపుగా ఉండి ఆకు పచ్చదనమును గీకి తినును. పై పొర మాత్రము మిగిలి ఆకు తెల్లగా, జల్లెడవలె అగును. చేని గట్టు మీద నిలిచి చూచినను పచ్చని మొక్కల నడుమ ఆ తెల్ల ఆకు కనిపించును. దగ్గరకు పోయి వెనుకకు త్రిప్పి చూడుడు. ఆ ఒక్క ఆకును త్రుంచి కిరసనాయిలు కలిపిన నీటిలో వేసినచో వందల పురుగులు పోయినవి. తుంచునప్పుడు ఆకును కుదుపవద్దు, కుదిపినచో పిల్లలు క్రిందికి జారును.

ఇంటిల్లిపాదియు ఉదయము, సాయంత్రము చేను ఒకసారి చుట్టి వచ్చినచో ఈ పని జరుగును. కూలి వలన అగు వ్యయమును మందు వెలతో పోల్చి చూచినవారికి ఇందలి లాభము నేను చెప్పనక్కరలేదు. అయితే ఒక మాట. ఈ పనిలో ఆడవారి కన్ను మగవారి కన్ను కంటె చురుకు. కలుపు తీయుట వారికి అలవాటు కనుక ఆకు రంగులో భేదము ఇట్టే పట్టుదురు. చాలచోట్ల మేము సభలు పెట్టి మగవారికే చెప్పి వచ్చుచున్నాము, ఇది మా శాఖలోని వారు దిద్దుకొనవలసిన లోపము.

తల్లి పురుగునకు అలసంద, ఆముదము ఆకుల మీద గ్రుడ్లు పెట్టుటకు మక్కువ ఎక్కువ. వేరుసెనగ చేని చుట్టును ఆముదపు సాలు, నడుమ నడుమ అలసంద సాళ్ళు వేసినచో గ్రుడ్లు చాలవరకు వాని మీద పడును. చేనంతయు వెదకుటకు బదులు ఆ సాళ్ళను వెదకిన చాలును. వెదకువారు లేనప్పుడు మాత్రము ఈ సాళ్ళు వేయుట శత్రువునకు విడిది కట్టించి ఇచ్చినట్లు. ఆముదము వేసి తరువాత అటు తొంగి చూడని చేలను నేను చూచితిని. పురుగు అక్కడనే పెరిగి వేరుసెనగ మీదికి దిగినది.

వారము దాటిన తరువాత పురుగు నడవడి మారును. నాలుగైదు సార్లు కుబుసము విడుచుచు పెరిగి, ఎర్రని గోధుమ వన్నె బొచ్చుతో, రెండు కొనల నల్లని పట్టీలతో సుమారు రెండు అంగుళముల పొడవగును. గుంపు విడిపోయి చేను నిండ ప్రాకును. ఆకును గీకుట మాని మొత్తముగా కొరుకును. ఒక చేను అయినంతనే దండు కట్టి ప్రక్క చేనికి నడచును. నెల నుండి నలుబది దినములు దీని మేత ఇట్లు సాగును.

ఈ దశలో చేతితో ఏరుట కష్టము, బొచ్చు తగిలిన చర్మము దురద పెట్టును. అప్పుడు చేయదగినది నడకను ఆపుట. పురుగు ఉన్న చేనికిని లేని చేనికిని నడుమ అడుగు లోతు, పది అంగుళముల వెడల్పు గల కాలువ త్రవ్వవలెను. అంచులు గోడవలె నిటారుగా ఉండవలెను. వాలుగా ఉన్నచో పురుగు దిగి ఎక్కి పోవును, మీ శ్రమ వృథా. పడిన వానిని రోజుకు రెండుసార్లు మట్టి కప్పి త్రొక్కి చంపవలెను. జిల్లేడు కొమ్మలు, అడవి ఆముదపు కొమ్మలు గట్ల వెంబడి అక్కడక్కడ వేసినచో నడచు పురుగులు వాని మీద చేరును, తెల్లవారి దులిపి చంపవచ్చును. ఇవి పాత ఉపాయములు. పాతవగుట వలన చెడ్డవి కాలేదు.

ఇక మందుల మాట. తాతల నాడు రైతులు గమాక్సిన్ అని పిలిచిన బి.హెచ్.సి. పొడి, డి.డి.టి. ఈ పురుగు మీద చల్లెడివారు. వ్యవసాయములో డి.డి.టి. వాడుకను 1989లో మాన్పించినారు. బి.హెచ్.సి. 1997 నుండి నిషిద్ధము. ఆ తరువాత బస్తాల కొద్దీ చల్లిన మిథైల్ పారాథియాన్ పొడిని 2018లో నిషేధించినారు. పాత నిలువలు ఎవరి అటక మీదనైన ఉన్నచో, తక్కువ వెలకు ఎవరైన అమ్మజూపినచో, తీసికొనవద్దు. పిల్ల పురుగుల దశలో నూటికి ఐదు పాళ్ళ వేప గింజల కషాయము పని చేయును. ఎదిగిన పురుగునకు బొచ్చే కవచము, దానికి మందు వేసి గెలుచుట ఖర్చుతో కూడిన పని. వేయక తప్పనిచో మీ వ్యవసాయాధికారిని అడిగి, ఆ సంవత్సరమున అనుమతి గల మందునే, చెప్పిన మోతాదులోనే వేయుడు.

పురుగునకు కూడ శత్రువులు కలవు. చేనిలో తిరుగునప్పుడు మొక్క కొనకు ప్రాకి, తల క్రిందులుగా వ్రేలాడి చచ్చిన గొంగళి పురుగులు కనిపించును. తాకినచో చర్మము చిట్లి నీరు కారును. అది వైరసు రోగము. పురుగు నుండి పురుగునకు అంటునే కాని మనుష్యులకు గాని పశువులకు గాని అంటదు. అట్టి వానిని తీసి పారవేయక చేనిలోనే ఉండనిండు, మీ పని అవి చేసి పెట్టును. పక్షులలో చాలవాటికి ఈ బొచ్చు గిట్టదు. చాతక పక్షికి, కోకిల జాతిలోని మరి కొన్నింటికి మాత్రము గొంగళి పురుగు ఇష్టమైన ఆహారము. నలుపు తెలుపు రెక్కలతో, తల మీద జుట్టుతో తొలకరిలో అరచుచు తిరుగు చాతకము వాన నీటి కొరకే నోరు తెరచుకొని యుండునని మనవారు చెప్పుకొందురు. వాన వెనుక వచ్చు పురుగు మీద కూడ దాని దృష్టి ఉన్నది.

గ్రామాధికారులకు ఒక మనవి. తల్లి పురుగునకు సరిహద్దు రాళ్ళు లేవు. ఒక్క రైతు దీపము పెట్టి నలుగురు పెట్టకున్నచో ఆ నలుగురి పురుగు ఒక్కని చేనికి వచ్చును. కావున పని ఊరంతటిది కావలెను. ఏప్రిలు, మే నెలలలో చేని దుక్కితో పాటు గట్ల మీది చెట్ల మొదళ్ళు త్రవ్వించుడు. చెట్టు వేళ్ళు తెగకుండ, నీడ పడు మేర చాలును. పోరంబోకు చెట్లు, చెరువు కట్ట, బడి ఆవరణ ఎవరివియు కావు కనుక ఎవరును త్రవ్వరు. వానిని పంచాయతీ చూచుకొనవలెను. గట్టి వాన పడిన నాటి సాయంత్రమే టముకు వేయించుడు, సెల్‌ఫోనులో కబురు పంపుడు. మరునాటి నుండి వీధి దీపముల క్రింద చూచుటకు ఒకరిని నియమించుడు. మొదటి తల్లి పురుగు కనిపించిన రాత్రి ఊరంతయు ఒక్కసారి దీపములు వెలుగవలెను.

నేను పైన చెప్పిన గ్రామములో మరుసటి సంవత్సరము ఈ పని జరిగినది. ఊరంతయు కాదు, మూడు పాళ్ళలో రెండు పాళ్ళు. పురుగు రాలేదని చెప్పజాలను, వచ్చినది. కాని నాలుగెకరములు పోగొట్టుకొన్న ఆ రైతు చేనిలో ఆ ఏడు కాయ పీకినారు. పెద్దాయన ఇంటి గోడ మీద సున్నపు గీతలు కొన్ని కలవు. ఏ కార్తెలో, వాన పడిన ఎన్నవ నాడు తెల్ల పురుగు దీపమునకు వచ్చినదో ఆయన తన గుర్తు కొరకు గీచుకొన్నవి. చదువు రానివాడు గీతలతో లెక్క పెట్టినాడు. మీకు వ్రాత వచ్చును గదా, ఈ తొలకరిలో ఒక చీటీ మీద మూడే విషయములు వ్రాయుడు: గట్టి వాన పడిన తేదీ, మొదటి తల్లి పురుగు కనిపించిన తేదీ, తెల్లని జల్లెడ ఆకు మొదట కనిపించిన తేదీ. ఆ చీటీని మీ గ్రామ వ్యవసాయ సహాయకుని చేతికి ఇండు, నకలు ఒకటి ఇంటిలో చూరులో దోపి ఉంచుడు. వచ్చే సంవత్సరము రోహిణిలో దానిని తీసి చూడవలసి వచ్చును.